చెన్నై ఎండలో కిట్ కారు: ఇంజన్ మరగకుండా కట్టుకోవడం, కాపాడుకోవడం

ఇంజన్ స్టార్టయి పదకొండు నిమిషాలైంది. టెంపరేచర్ మీటరు ముల్లు 84 దగ్గర కదలకుండా నిలబడి ఉంది. బోనెట్ కింద నుంచి మాత్రం చారు తెర్లుతున్నట్టు గుడగుడమని చప్పుడు. "ఆపు బావా, ఆపు!" అని అరిచాను. బావ తాళం తిప్పేలోపే ఓవర్‌ఫ్లో పైపులోంచి ఆవిరి బుస్సుమని చిమ్మింది. మే నెల మధ్యాహ్నం, అంబత్తూరులో అద్దెకు తీసుకున్న షెడ్డు. మూడేళ్లు ఆదివారాలన్నీ పోసి కట్టిన కారుకు మొదటి రోజే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ దాని మీది హెడ్‌కూ మధ్య ఉండే సీలు, పోయింది.

మీటరు పాడవలేదు. సెన్సర్ ఉన్న చోట నీళ్లు లేవు, గాలి బుడగ ఉంది. పక్కన నీళ్లు మరుగుతున్నా ఆ వేడి సెన్సర్‌కు అందలేదు. తర్వాత విప్పి చూస్తే తప్పు ఆ రోజు జరిగింది కాదు. రెండేళ్ల కిందట ఛాసిస్ ముందుభాగం వెల్డింగ్ చేసిన రోజే జరిగింది. అందుకే కిట్ కారు, అంటే ప్లాను చూసి భాగాలు తెచ్చి సొంతంగా కట్టుకునే కారు, కట్టాలనుకునే ప్రతివాళ్లకూ నేను మొదట చెప్పేది కూలింగ్ గురించే. ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ మీద పెట్టే శ్రద్ధ దీని మీద కూడా మొదటి రోజు నుంచే పెట్టాలి.

కట్టబోయే ముందు

మేం కట్టింది లోటస్ సెవెన్ తరహా కారు. 1957లో కోలిన్ చాప్‌మన్ కంపెనీ తెచ్చిన బండి అది. 1973 నుంచి కేటర్‌హామ్ అనే ఇంగ్లండ్ కంపెనీ వాళ్లు ఆ డిజైన్‌ను కొనసాగిస్తున్నారు. ఇనుప గొట్టాల ఛాసిస్, పల్చటి అల్యూమినియం రేకులు, ఇద్దరికి సీట్లు, తలుపులుండవు. ఇంజన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకు. మన దగ్గర దీనికి బాగా కుదిరేది మారుతి జిప్సీ కింగ్ ఇంజన్. 1.3 లీటర్లు, 16 వాల్వులు, సుమారు 80 హార్స్‌పవర్. బ్లాకు, హెడ్ రెండూ అల్యూమినియమే కాబట్టి బరువు తక్కువ. ఇంజన్ బండి పొడవు వెంట కూర్చుంటుంది, జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) విడిగా ఉంటుంది గనుక గేర్‌బాక్స్ వెనక నుంచి నేరుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలను తిప్పే పొడవాటి గొట్టం) వెనక్కి తీసుకోవచ్చు.

ఇంజన్ పుదుప్పేటలో దొరుకుతుంది. పాత బండ్ల భాగాలకు చెన్నైలో దాన్ని మించిన చోటు లేదు. కానీ బిల్లు లేకుండా, ఇంజన్ నంబరు కాగితాల్లో సరిచూసుకోకుండా కొనకండి.

చట్టం మాట కూడా ముందే చెప్పేస్తాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కొత్త రకం బండి రోడ్డెక్కాలంటే ప్రభుత్వం గుర్తించిన సంస్థలో ప్రోటోటైప్ పరీక్షలు దాటాలి. ఇంట్లో కట్టుకున్న ఒక్క కారుకు అది అయ్యే పని కాదు. కాబట్టి మాది ట్రాక్ కారు. ట్రక్కు మీద ఎక్కించుకుని శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు తీసుకెళ్తాం. ఈ సంగతి కూలింగ్‌కు కూడా ముఖ్యమే. ట్రాక్ మీద కాలు ఎక్కువసేపు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది.

లెక్క ముందు, వెల్డింగ్ తర్వాత

పెట్రోలులోని శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలకు పోతుంది, మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది, మిగతా మూడో వంతును కూలింగ్ వ్యవస్థ మోయాలి. ఈ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో ఉన్నప్పుడు నీళ్లలోకి దిగే వేడి 40 కిలోవాట్లని వేసుకోండి. మన బాత్రూములో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు ఇరవై ఒకేసారి వేస్తే ఎంత వేడో అంత. ఆ ఇరవై గీజర్ల వేడినీ ముక్కు దగ్గరున్న చిన్న రేడియేటర్ గాలికి ఇచ్చేయాలి.

ఈ కార్ల ప్లాన్లు ఎక్కువగా ఇంగ్లండ్ నుంచి వస్తాయి. అక్కడ గాలి 20 డిగ్రీలుంటే, 95 డిగ్రీల నీటికీ గాలికీ తేడా 75. చెన్నైలో మే నెలలో కొన్ని రోజులు గాలి 40 దాటుతుంది. తేడా 55కి పడిపోతుంది. వేడి బయటికి పోవడం ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి, అదే రేడియేటర్ ఇక్కడ ముప్పావు వంతు పని కూడా చేయదు. పైగా సెవెన్ ముక్కు నేలకు జానెడు, జానెడున్నర ఎత్తులోనే ఉంటుంది. కాలిన తారు మీది గాలి వాతావరణ శాఖ చెప్పే గాలి కంటే ఇంకా వేడి. ఇంగ్లండ్ ప్లానులో ఉన్న రేడియేటర్ సైజు పెట్టడమే మేం చేసిన మొదటి తప్పు.

బెంగళూరులో కట్టుకునేవాళ్లకు ఎండ కొంత నయం. కానీ ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి పదో వంతు పల్చన, మూత తీసిన గిన్నెలో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. లాభం అనుకున్నంత ఉండదు.

ఇప్పుడు మా కారులో ఉన్నది 50 సెంటీమీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల ఎత్తు అల్యూమినియం కోర్, అంటే రేడియేటర్‌లో సన్నటి ట్యూబులు, రేకులు ఉండే భాగం. లెక్క ఇలా వేశాం: గాలి కోర్ దాటేటప్పుడు 30 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, 40 కిలోవాట్లు మోయడానికి సెకనుకు 1.2 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఈ కోర్ సైజుకు అది గంటకు 24 కిలోమీటర్ల వేగంతో రేకుల మధ్య నుంచి దూరాలి. కారు ముందు 24 కాదు, కోర్ లోపల 24. మామూలు 12 అంగుళాల ఫ్యాను అందులో సగం గాలి కూడా లాగలేదు. అంటే ట్రాక్ మీద ఇంజన్‌ను కాపాడేది ఫ్యాను కాదు, ముక్కు నుంచి వచ్చే గాలి దారే.

ముక్కు వెల్డింగ్ చేసే ముందు అట్టపెట్టె కత్తిరించి రేడియేటర్ సైజులో బొమ్మ చేసుకోండి. ఫ్యాను మందం, పైపుల వంపులు, పానా తిప్పడానికి చెయ్యి పట్టే చోటు, అన్నీ దానితో సరిచూసుకున్నాకే గొట్టాలు అతికించండి. మేం ఇది చేయలేదు. తర్వాత ఒక అడ్డగొట్టాన్ని కోసి పక్కకు జరపాల్సొచ్చింది.

గాలికి దారి

పుదుప్పేటలో మా రేడియేటర్ చేసిన పెద్దాయన గూడూరు మనిషి. యాభై ఏళ్లుగా ఇదే పని. గ్యాస్కెట్ పోయిన కథంతా విని ఆయన అన్న మాట షెడ్డు గోడ మీద చాక్‌పీస్‌తో రాసి పెట్టాను: "అబ్బయ్యా, బయట గాలి కావాలి, లోపల గాలి ఉండకూడదు. రెండూ తిప్పి పెట్టావు నువ్వు."

గాలి సోమరిది. తేలికైన సందు కనిపిస్తే అటే పోతుంది. రేడియేటర్ చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉంటే ముక్కులోకి వచ్చిన గాలి కోర్ కష్టపడి దాటదు, పక్క నుంచి జారుకుంటుంది. అందుకని ముక్కు నోటి నుంచి కోర్ అంచుల దాకా నాలుగు వైపులా అల్యూమినియం రేకుతో డబ్బా కట్టాలి. కోర్ అంచు దగ్గర తలుపులకు వేసే స్పాంజి రబ్బరు అంటించి సందులు మూయాలి. ముక్కు నోరు కోర్ అంత పెద్దగా ఉండక్కర్లేదు. మాది కోర్ వైశాల్యంలో సగానికి కొంచెం తక్కువ. నోటి నుంచి కోర్ దాకా డబ్బా మెల్లగా వెడల్పవుతూ రావాలి.

లోపలికి వచ్చిన గాలి బయటికి పోయే దారి కూడా అంతే ముఖ్యం. చాలామంది ఇక్కడే మరిచిపోతారు. బోనెట్ వెనక అంచు ఎత్తి పెడితే వేడి పోతుందని కొందరు వాషర్లు పెడుతుంటారు. ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. బండి పరుగెత్తేటప్పుడు అక్కడి నుంచి గాలి లోపలికే తోసుకొస్తుంది, రేడియేటర్ వెనకున్న వేడి గాలి కదలక అక్కడే నిలుస్తుంది. దారి బోనెట్ పక్కల రేకుల్లో గాట్లు పెట్టి ఇవ్వాలి, లేదా కింద తెరిచి ఉంచాలి. బయటికి పోయే సందుల మొత్తం వైశాల్యం ముక్కు నోటి కంటే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది.

దీన్ని కళ్లతో చూడొచ్చు. షెడ్డులో ఫ్యాను వేసి ముక్కు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ నేరుగా కోర్‌లోకి పోతే సరే. అంచు దగ్గర పొగ పక్కకు తిరిగి కారుతోందంటే అక్కడ సందు ఉంది. ఫ్యాను వెనక నుంచి వచ్చిన వేడి గాలి కింద నుంచి తిరిగి ముక్కులోకి వస్తోందేమో కూడా ఇదే పొగ చెబుతుంది. మా కారులో కుడి వైపు కింద మూలలో పొగ గిర్రున తిరిగింది. అక్కడ రెండు వేళ్ల వెడల్పు రేకు ముక్క పెట్టాం.

ఫ్యాను, వైరింగ్

జిప్సీ ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. సెవెన్‌లో రేడియేటర్ ఇంజన్‌కు దూరంగా ముక్కులో ఉంటుంది గనుక అది పనికిరాదు, కరెంటు ఫ్యాను పెట్టాలి. కోర్ వెనక పెట్టి గాలిని లాగించడమే మంచిది. ముందు పెట్టి తోయిస్తే ఫ్యాను శరీరమే గాలికి అడ్డం. ఫ్యాను కోర్ మొత్తాన్నీ లాగాలంటే వెనక ష్రౌడ్ రేకు (కోర్ వెనక భాగాన్ని ఫ్యాను దాకా మూసే తొడుగు) కావాలి. ఆ రేకుకూ కోర్‌కూ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్లు వదలండి. రేకులో రబ్బరు మూతల కిటికీలు పెడితే, వేగంగా పోయేటప్పుడు గాలి ఒత్తిడికి అవే తెరుచుకుని ఎక్కువ గాలి పోనిస్తాయి. ప్లాస్టిక్ టైలను రేడియేటర్ రేకుల మధ్య గుచ్చి ఫ్యాను బిగించకండి. కుదుపులకు ట్యూబులు కోసుకుపోతాయి.

ఫ్యానుకు రిలే (చిన్న స్విచ్చితో పెద్ద కరెంటును నడిపే పరికరం), దగ్గరలో ఫ్యూజు, నేరుగా బ్యాటరీకి పోయే సొంత ఎర్త్ వైరు, ఇవి తప్పనిసరి. ఇంజన్ నడుస్తుండగా ఫ్యాను పిన్నుల దగ్గర మల్టీమీటర్ పెడితే 13 వోల్టులు కనిపించాలి. 11 కనిపిస్తే వైరు సన్నం, లేదా ఎర్త్ లూజు. ఫ్యాను స్విచ్చి, థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే వాటిని రేడియేటర్‌కు వదిలే వాల్వు) పూర్తిగా తెరుచుకునే వేడికి దగ్గరగా పని మొదలుపెట్టాలి. మాది 95 దగ్గర వేస్తుంది, 90 దగ్గర ఆపుతుంది. డాష్‌బోర్డు మీద చేత్తో వేసే స్విచ్చి కూడా ఒకటి పెట్టుకోండి.

లోపల గాలి లేకుండా పైపులు

ఇది అన్నిటికంటే నిదానంగా చేయాల్సిన భాగం.

మామూలు కారులో రేడియేటర్ మూతే ఎత్తైన చోటు, అందుకని గాలి దానంతటదే పైకి తేలి పోతుంది. సెవెన్‌లో ముక్కు కిందికి ఉంటుంది, ఇంజన్ హెడ్ పైన ఉంటుంది. రేడియేటర్ మూతలోంచి ఎన్ని నీళ్లు పోసినా హెడ్‌లో గాలి మిగిలిపోతుంది. మాకు పట్టిన గతి అదే.

దీనికి మందు హెడర్ ట్యాంకు. లీటరు పట్టే అల్యూమినియం ట్యాంకు చేయించి, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య ఉండే గోడ) మీద వ్యవస్థ మొత్తంలో ఎత్తైన చోట పెట్టాలి. దానికి మూడు పైపులు. హెడ్‌లో అన్నిటికంటే ఎత్తున్న చోటు నుంచి 6 మిల్లీమీటర్ల సన్నపైపు ఒకటి, రేడియేటర్ పై మూల నుంచి అలాంటిదే ఇంకొకటి. ఈ రెండూ గాలిని మోసుకొస్తాయి. ట్యాంకు అడుగు నుంచి 19 మిల్లీమీటర్ల లావు పైపు వాటర్ పంపు నీళ్లు పీల్చే వైపుకు పోవాలి. గాలి పైన మిగిలిపోతుంది, నీళ్లు కిందికి దిగుతాయి. సన్నపైపులు ట్యాంకు దాకా ఎక్కడా వంగి దిగకుండా ఎక్కుతూనే పోవాలి. ఒక్క చోట పల్లం ఉన్నా అందులో నీళ్లు నిలిచి గాలి దారి మూసుకుంటుంది.

ప్రెషర్ మూత ఈ ట్యాంకు మీదే ఉండాలి, రేడియేటర్ మీద ఇంకొకటి వద్దు. ఒక్కో పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే యూనిట్టే) ఒత్తిడికి నీళ్లు మరిగే వేడి ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరుగుతుంది. 15 పీఎస్ఐ మూతతో మామూలు నీళ్లే 120 దాకా మరగవు. అలాగని ఇంకా గట్టి మూత పెట్టి వేడి సమస్యను దాచొద్దు, హోసులు చిరుగుతాయి. ట్యాంకులో మూడో వంతు ఖాళీ వదలాలి. ఏడు లీటర్ల నీళ్లు వేడెక్కితే పావు లీటరుకు పైనే పెరుగుతాయి.

పైపు చివర్ల దగ్గర ఉబ్బెత్తు చుట్టు లేకుండా హోస్ బిగించకండి. క్లిప్పు ఎంత బిగించినా ఒత్తిడికి జారిపోతుంది. లేత్ షాపులో పది నిమిషాల పని అది.

థర్మోస్టాట్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. వినకండి. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆయిల్‌లోని తేమ ఆవిరవదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొత్తది బిగించే ముందు దారంతో కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి కాచండి. 82 డిగ్రీలదైతే ఆ దరిదాపుల్లో నోరు తెరవడం మొదలుపెట్టాలి.

ఏ నీళ్లు పోయాలి

చెన్నై బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి, తెల్లటి పొర కడుతుంది. అదే పొర రేడియేటర్ ట్యూబుల్లో, సిలిండర్ల చుట్టూ కడుతుంది. ట్యాంకర్ నీళ్లూ వద్దు. డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల డబ్బాల్లో దొరుకుతుంది, అదే పోయండి.

మనకు మంచు గడ్డకట్టే బాధ లేదు. అయినా కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు అల్యూమినియం ఇంజన్‌కు తప్పనిసరి. కూలెంట్‌లోని గ్లైకాల్ అనే ద్రవం నీళ్లు మరిగే వేడిని పెంచుతుంది, కానీ నీళ్ల కంటే వేడిని తక్కువ మోస్తుంది. సగం కంటే ఎక్కువ కలపొద్దు. ట్రాక్‌కు పోయేవాళ్లు నిర్వాహకుల నియమం ముందే కనుక్కోండి. గ్లైకాల్ కింద పడితే టైర్లు జారతాయి కాబట్టి చాలా రేసుల్లో దాన్ని ఒప్పుకోరు. మేం డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు నిరోధకం మాత్రం కలిపి పోస్తాం.

నింపడం, మొదటి పరీక్ష

కారు ముక్కును జాకీతో అడుగున్నర ఎత్తండి. హెడర్ ట్యాంకులోంచి సన్నటి ధారగా పోయండి, తొందరపడితే బుడగలు చిక్కుకుంటాయి. పోస్తూ పోస్తూ లావు హోసులను చేత్తో నొక్కి వదలండి. గుబుక్‌మని బుడగలు ట్యాంకులోకి వస్తాయి. అవి ఆగేదాకా ఓపిక పట్టాలి. మాకు రెండోసారి నింపినప్పుడు ఇది నలభై నిమిషాలు పట్టింది.

స్టార్ట్ చేసే ముందు చేతిపంపుతో ఒక బార్ ఒత్తిడి ఎక్కించి పదిహేను నిమిషాలు వదిలేయండి. ముల్లు దిగకూడదు. తర్వాత మూత తీసే ఇంజన్ వేసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా చూడండి. పై హోస్ ఒక్కసారిగా వేడెక్కుతుంది, అదే గుర్తు. నీళ్ల మట్టం దిగితే పోసి, పొంగకముందే మూత బిగించండి. ఒకసారి మూత పెట్టి వేడెక్కాక దాన్ని చల్లారేదాకా ముట్టకూడదు. ఒత్తిడి తీయగానే 110 డిగ్రీల నీళ్లు ఒక్క క్షణంలో మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి లేస్తాయి.

ఫ్యాను రెండుసార్లు తనంతట తాను వేసి ఆపాక రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున మట్టం చూడండి.

వేడెక్కితే ఎక్కడ వెతకాలి

నిలబడి ఉన్నప్పుడు వేడెక్కి, పరుగెత్తితే తగ్గుతోందా? ఫ్యాను, వైరింగ్, ష్రౌడ్ చూడండి. నిలబడితే బాగానే ఉండి వేగంలో వేడెక్కుతోందా? గాలి డబ్బా సందులు, గాలి బయటికి పోయే దారి, ట్యూబుల్లో మడ్డి, లేదా పంపు పీల్చుడుకు చదునవుతున్న కింది హోస్. ఆ హోస్‌లో స్ప్రింగు లేకపోతే ఎక్కువ ఆర్‌పీఎంలో ముడుచుకుపోతుంది, బండి ఆపి చూసేసరికి మామూలుగా కనిపిస్తుంది. మాకు ఇది దొరకడానికి మూడు ట్రాక్ రోజులు పట్టింది.

పై హోస్‌కూ కింది హోస్‌కూ మధ్య ఇంజన్ కష్టపడుతున్నప్పుడు 6 నుంచి 10 డిగ్రీల తేడా ఉండాలి. తేడా బాగా ఎక్కువుంటే నీళ్లు నిదానంగా పారుతున్నాయి. తేడా అసలు లేకపోయినా ఇంజన్ వేడిగా ఉంటే గాలి చాలడం లేదు.

చల్లటి ఇంజన్ వేసిన నిమిషంలోపే హోసులు రాయిలా గట్టిపడుతుంటే, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే, అది హెడ్ గ్యాస్కెట్. ట్యాంకులోని గాలిని నీలం ద్రవంలోంచి పంపే గ్యాస్ టెస్టులో ఆ ద్రవం పసుపైతే అనుమానం తీరిపోయినట్టే. హెడ్ విప్పాక దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని ఉక్కు బద్ద) పెట్టి, కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ (పల్చటి కొలత రేకు) దూరుతుందేమో చూడండి. దూరితే మెషినింగ్‌కు పంపకుండా కొత్త గ్యాస్కెట్ వేయొద్దు.

ఏడాది పొడవునా

ప్రతి ట్రాక్ రోజుకు ముందు: మట్టం, క్లిప్పులు, బెల్టు, మూత రబ్బరు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి కనిపిస్తే పంపు సీలు పోతోందని అర్థం, మార్చేయండి. రేకుల్లో ఇరుక్కున్న పురుగులు, రబ్బరు ముక్కలు ఇంజన్ వైపు నుంచి ముందుకు మెల్లటి నీటి ధారతో కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే రేకులు వంగిపోతాయి.

ఆరు నెలలకోసారి మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకొకటి రేడియేటర్‌కు తగలకుండా నీళ్లలో ముంచి, ఫ్యాను, లైట్లు అన్నీ వేసి చూడండి. 0.1 వోల్టు లోపల ఉంటే బాగుంది. 0.3 దాటితే ఎక్కడో ఎర్త్ సరిగా లేదు, కరెంటు నీళ్లలోంచి పోతూ అల్యూమినియంను తినేస్తోంది. రెండేళ్లకోసారి కూలెంట్ మొత్తం మార్చండి.

ట్రాక్ మీద చివరి ల్యాప్ మెల్లగా, ఎక్కువ గేరులో తిరిగి రండి. పిట్‌లోకి రాగానే ఇంజన్ ఆపేస్తే పంపు ఆగిపోతుంది, హెడ్‌లో వేడి మాత్రం అక్కడే ఉంటుంది. మేం రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపాక కూడా ఫ్యాను చేతి స్విచ్చితో తిప్పుతాం. ఈలోపు బావ బోనెట్ తీసి గోడకు ఆనించి పెడతాడు, నేను ల్యాపుల సంఖ్య, మీటరు ఎంత దాకా పోయిందో, ఆ రోజు గాలి ఎంత వేడో నోటుబుక్కులో రాసుకుంటాను. కిందటి మేలో 41 డిగ్రీల ఎండలో మీటరు ఎక్కిన గరిష్ఠం 101.